దిగుమతి ట్రాక్టరు డీలర్‌షిప్ తీసుకుంటున్నారా? దమ్ము రోజులు లెక్కేసుకుని దిగండి

మీ షోరూంలో ఇప్పటికే ఒక దేశీ ట్రాక్టరు బ్రాండు నడుస్తోంది, చుట్టుపక్కల ఊళ్ళలో మీ పేరు చెబితే తెలుస్తుంది, వర్క్‌షాపులో నమ్మకమైన మెకానిక్కులున్నారు. ఈ మధ్య ఎవరో దిగుమతి బ్రాండు వాళ్ళు ఫోన్ చేసి "గోదావరి జిల్లాల్లో మాకు మంచి డీలరు కావాలండి" అన్నారు. మీకూ తీసుకోవాలనే ఉంది గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్. అలాంటి వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. రామచంద్రపురంలో పాతికేళ్ళుగా ట్రాక్టర్లు అమ్ముతున్నాను, అందులో పదేళ్ళ నుంచి దేశీ బ్రాండుతో పాటు దిగుమతి బ్రాండు కూడా.

మొదట ఒక్క మాట చెప్పి పనిలోకి వెళ్దాం. డెల్టాలో ట్రాక్టరు ఏడాదంతా తిరుగుతుంది గానీ, దాని పేరు నిలబడేదీ పోయేదీ దమ్ములోనే, అంటే నాట్లకి ముందు నీళ్ళు పెట్టిన చేలని బురదగా దున్నే రోజుల్లోనే. సార్వాకి, అంటే వానాకాలం వరికి, కాలవలు వదిలాక కొన్ని రోజులు, రెండో పంట దాళ్వాకి డిసెంబరు, జనవరిలో కొన్ని రోజులు, అంతే. ఆ రోజుల్లో బండి ఆగకుండా తిరిగితే రైతే పది మందికి చెబుతాడు. ఆగిపోతే మీరు మిగతా పదినెలలు ఎంత బాగా సర్వీసు చేసినా ఎవరికీ గుర్తుండదు. అందుకని కింద చెప్పే ప్రతి పనినీ "ఇది దమ్ము రోజుల్లో నాకు పనికొస్తుందా" అన్న ప్రశ్నతో చూసుకోండి.

బండి ఎక్కడ తయారవుతోందో కనుక్కోండి

పేరు విదేశీది అయినంత మాత్రాన బండి దిగుమతి కాదు. జాన్ డీర్ పుణెలో, న్యూ హాలండ్ గ్రేటర్ నోయిడాలో, సేమ్ డ్యూట్జ్ ఫార్ తమిళనాడులోని రాణిపేటలో ట్రాక్టర్లు తయారు చేస్తున్నాయి. కుబోటా 2008లో ఇక్కడ కంపెనీ పెట్టి కొన్నాళ్ళు విదేశాల్లో తయారైన బండ్లు తెచ్చింది, తర్వాత ఎస్కార్ట్స్ అనే మన దేశీ ట్రాక్టరు కంపెనీలో వాటా పెంచుకుంది, 2022లో ఆ కంపెనీ పేరే ఎస్కార్ట్స్ కుబోటా అయ్యింది. యాన్మార్ సోనాలికా వాళ్ళతో కలిసి సోలిస్ యాన్మార్ పేరుతో వచ్చింది. ఇదంతా ఎందుకంటే, విదేశీ కంపెనీ ఇక్కడ భాగస్వామిని మార్చుకున్నప్పుడు డీలర్ల లెక్క కూడా మారుతుంది. ఇవాళ మీకు సంతకం పెట్టిన దిగుమతిదారు రేపు ఉంటాడో ఉండడో మీరే ఆలోచించుకోవాలి.

కాబట్టి మీ దగ్గరికి వచ్చినాయన్ని సూటిగా అడగండి. బండి మొత్తం తయారై వస్తోందా, విడిగా వచ్చి ఇక్కడ బిగిస్తున్నారా? ఇంజను ఎక్కడిది? మీతో సంతకం పెట్టేది ఆ విదేశీ కంపెనీకి చెందిన ఇక్కడి శాఖా, లేక దాని దగ్గర కొనుక్కుని అమ్మే వేరే వ్యాపారా? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 86వ సెక్షన్ అని ఒకటుంది. సరుకులో లోపం వల్ల ఎవరికైనా హాని జరిగినప్పుడు తయారు చేసినవాడు ఎవరో తెలియకపోయినా, తెలిసినా నోటీసు అందించే వీలు లేకపోయినా, అతను మన చట్టం పరిధిలోకి రాకపోయినా, ఆ బాధ్యత అమ్మినవాడి మెడకు చుట్టుకోవచ్చు. అంటే బ్రేకు పడక కాలవ గట్టు మీద బండి పల్టీ కొడితే, కంపెనీ ఎక్కడో సముద్రం అవతల ఉంటే, వినియోగదారుల కమిషన్ ముందు నిలబడేది మీరు. ఇక్కడ రిజిస్టరైన కంపెనీ, ఇక్కడి చిరునామా, ఇక్కడి జీఎస్టీ నంబరు లేకుండా ఎవరితోనూ ముందుకెళ్ళకండి.

ఉన్న కంపెనీతో మాట తెగ్గొట్టుకోకండి

మీ పాత అగ్రిమెంటు బీరువాలోంచి తీసి కూర్చుని చదవండి. మనలో చాలామంది సంతకం పెట్టిన రోజు తర్వాత దాన్ని మళ్ళీ తెరవం. పోటీ బ్రాండు పెట్టకూడదనో, పెడితే వేరే ఆవరణలో పెట్టాలనో, ముందుగా రాతపూర్వకంగా చెప్పాలనో అందులో ఉండే అవకాశం ఎక్కువ. 2002 నాటి కాంపిటీషన్ చట్టం 3(4) సెక్షన్ ఇలాంటి షరతుల గురించి మాట్లాడుతుంది నిజమే, పోటీని దెబ్బతీసేలా ఉంటేనే అవి చెల్లవు. కానీ చట్టం ఉంది కదా అని పాతికేళ్ళ డీలర్‌షిప్‌ని కోర్టుకి లాగడం నా దృష్టిలో తెలివైన పని కాదు. రాజమండ్రిలోనో కాకినాడలోనో వ్యాపార ఒప్పందాలు చూసే వకీలుకి ఒకసారి చూపించి, ఆ తర్వాత మీ ఏరియా మేనేజరుతో ముఖాముఖి మాట్లాడండి. వాళ్ళ దగ్గర లేని సైజు మాత్రమే మీరు తెస్తున్నారని చూపిస్తే, ఉదాహరణకి కొబ్బరి తోటల్లోకి వెళ్ళే చిన్న బండి అయితే, గొడవ చాలా వరకు తగ్గుతుంది. వాళ్ళకి మీ ద్వారా తెలియాలి, పక్క డీలరు ద్వారా కాదు.

మన నేలలో నడిపి చూడకుండా సంతకం పెట్టొద్దు

కంపెనీ వాళ్ళు డెమో అంటే రోడ్డు పక్క ఎండిన చేలో రోటావేటరు తిప్పి చూపిస్తారు. అది మనకు అక్కర్లేదు. డెల్టా అంతా ఒకే నేల అని కూడా అనుకోకండి. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు కొల్లేటి పల్లపు చేలలో బంక మట్టి లోతుగా ఉంటుంది, బరువైన బండి బొడ్డు దాకా దిగబడుతుంది. ఆలమూరు, రావులపాలెం పక్కన లంక భూముల్లో ఇసుక కలిసిన నేల, అరటి, కూరగాయలు. అమలాపురం, అంబాజీపేట వైపు కొబ్బరి తోటలు. కొబ్బరి చెట్టుకీ చెట్టుకీ ఇరవై అయిదు అడుగులు ఉంటుంది, చూడ్డానికి చాలా ఖాళీ అనిపిస్తుంది గానీ మధ్యలో కోకో, అరటి వేశాక బండికి మిగిలే దారి చాలా ఇరుకు. అక్కడ బండి వెడల్పు, మలుపు తిరిగే చోటు, సైలెన్సరు ఎత్తు, ఇవే బేరం తేలుస్తాయి. హార్స్‌పవరు తర్వాతి మాట.

కనీసం రెండు చోట్ల, వీలైతే మూడు చోట్ల, నీళ్ళు పెట్టిన చేలో నడిపించండి. డ్రైవరు కంపెనీ మనిషి కాకూడదు, బాడుగకి దమ్ము చేసే మన కుర్రాడై ఉండాలి. డీజిలు లెక్క మీరే తీయండి. చదునైన చోట బండి నిలబెట్టి ట్యాంకు మెడ దాకా నింపండి, సరిగ్గా ఎకరం, అంటే నూరు సెంట్లు, కొలిచి గుర్తు పెట్టండి, సాలు, అడ్డసాలు రెండూ అయ్యాక మళ్ళీ అదే చోట నిలబెట్టి లీటరు కొలతతో పోసి చూడండి. ఎంత పట్టిందో అంతే ఖర్చు. పక్క మడిలో అదే రోజు మీ దేశీ బండితోనూ ఇదే పని చేయించండి. రైతు అడిగేది ఈ రెండు అంకెలే. నోట్‌బుక్కులో తేదీ, ఊరు, నేల, డ్రైవరు పేరు సహా రాసి పెట్టుకోండి, రేపు అమ్మేటప్పుడు బ్రోచరు కన్నా ఇదే ఎక్కువ పని చేస్తుంది.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. జపాన్ తరహా ఫోర్ వీల్ బండ్లు దమ్ములో అంత బాగా తేలడానికి కారణం బరువు తక్కువ కావడమే. 45 హార్స్‌పవరులో 1400 కిలోల లోపు ఉన్న బండ్లు ఉన్నాయి, అదే పవరులో మామూలు దేశీ బండి దగ్గర దగ్గర రెండు టన్నులు తూగుతుంది. చేలో అది వరం. అదే బండికి ట్రక్కు తగిలించి 75 కిలోల ధాన్యం బస్తాలు వందకి పైగా వేసి కాలవ గట్టెక్కించి మిల్లుకి తోలితే, ముందు చక్రాలు తేలిపోతాయి, వెనక బరువు తోసేస్తుంటే బ్రేకులు ఆపలేవు. మన రైతుకు ఒకే బండి దమ్ముకీ కావాలి, తోలకానికీ కావాలి. కాబట్టి అమ్మే ముందే అడగండి, "మీకు దమ్ము ఎక్కువా, తోలకం ఎక్కువా అండి?" తోలకం ఎక్కువ అన్నవాళ్ళకి మీ దేశీ బండే చూపించండి. రెండు బ్రాండులూ పెట్టుకున్న లాభం అదే కదా.

కాగితాలు

ఇది విసుగ్గా ఉంటుంది గానీ ఇక్కడ తప్పితే బండి రోడ్డెక్కదు. ట్రాక్టరు మోడల్‌కి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 126వ నియమం కింద పరీక్ష అయ్యి సర్టిఫికెట్ ఉండాలి. ఆ మోడల్ వివరాలు వాహన్ పోర్టల్‌లో ఎక్కి ఉండాలి. ఎక్కకపోతే ఆర్టీఓ ఆఫీసులో రిజిస్ట్రేషన్ ముందుకు కదలదు, రైతు రోజూ మీ గుమ్మంలో ఉంటాడు. "ప్రాసెస్‌లో ఉందండి, నెలలో వస్తుంది" అంటే ఆ నెల అయ్యాకే రమ్మనండి. 50 హార్స్‌పవరు దాటిన ట్రాక్టర్లకి 2023 జనవరి 1 నుంచి ట్రెమ్ 4 పొగ నిబంధన వచ్చింది, తక్కువ ధరకి పాత స్టాకు ఇస్తామంటే ఇంజను ఏ నిబంధనకి సరిపోతుందో సర్టిఫికెట్ మీదే చూడండి. రిజిస్ట్రేషన్ కాని బండ్లు డీలరు దగ్గర ఉంచుకోవడానికి ఆర్టీఓ ఇచ్చే ట్రేడ్ సర్టిఫికెట్ గడువు ఇప్పుడు అయిదేళ్ళు, కొత్త కంపెనీ బండ్లు అమ్మడానికి మీ పాత సర్టిఫికెట్‌లో ఏం చేర్చాలో ఆర్టీఓలో ముందే మాట్లాడుకోండి. అమ్మకం పత్రం ఫారం 21 మీరిస్తారు, బండి నిబంధనలకి సరిపోతుందని చెప్పే ఫారం 22 తయారీదారు తరఫున రావాలి. ప్రతి బండితో ఆ కాగితం లారీలోనే రావాలని పట్టుబట్టండి, తర్వాత కొరియర్‌లో పంపిస్తామంటే ఒప్పుకోవద్దు.

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ ట్రాక్టరు పరీక్షా సంస్థ ఉంది. ఆ బండికి బుద్నీ రిపోర్టు ఉంటే అడిగి తీసుకోండి, హార్స్‌పవరు పేజీ చూసి ఊరుకోకండి. దమ్ము పరీక్ష ఎన్ని గంటలు చేశారు, ఆ తర్వాత విప్పి చూస్తే లోపలికి బురద, నీళ్ళు వెళ్ళాయా, ఆ సీళ్ళ గురించి ఏం రాశారు, మనకి కావలసింది ఆ పేజీలు. సబ్సిడీ పథకాల్లో అమ్మాలన్నా పరీక్ష రిపోర్టు ఉన్న మోడలే కావాలి. మన రాష్ట్రంలోనే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఇలాంటిదే దక్షిణ ప్రాంత సంస్థ ఉంది, శిక్షణలు కూడా ఇస్తారు, మీ కుర్రాళ్ళని ఒకసారి పంపించండి.

ట్రాక్టరుతో పాటు పవర్ టిల్లర్లు కూడా తెప్పిస్తామని ఎవరైనా అంటే, 2020 జులై నుంచి పవర్ టిల్లర్ల దిగుమతి నియంత్రిత జాబితాలో ఉందని గుర్తుపెట్టుకుని లైసెన్సు చూపించమనండి. స్పేరు పార్టుల ప్యాకెట్ల మీద ఎంఆర్‌పీ, దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశానిది అన్నవి ఉండాలి. లేకపోతే తూనికలు కొలతల వాళ్ళు కేసు రాసేది మీ కౌంటరు మీదే. ఇక జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది, టైర్లు, ట్యూబులు, కొన్ని విడిభాగాలు 18 నుంచి 5కి వచ్చాయి. కంపెనీ పంపే ధరల పట్టిక ఆ తేదీకి ముందుదా తర్వాతదా చూసుకోండి, అంతే.

స్పేర్లు: అసలు సంగతి ఇక్కడుంది

నాకు జరిగింది చెప్తాను. మా దిగుమతి బ్రాండు మొదటి ఏడాది, జులై నెల. ద్రాక్షారామం వైపు ఒక పెద్దాయన, సొంతం నాలుగెకరాలు, కౌలు పది. సాయంత్రం ఫోన్ చేస్తే వెళ్ళాం. బండి మడి మధ్యలో ఉంది, ముందు కుడి చక్రం వంకరగా నిలబడి ఉంది. మా మెకానిక్కు మోకాళ్ళ లోతు బురదలో కూర్చుని ముందు యాక్సిల్ గేరు పెట్టె కింద ప్లగ్గు విప్పాడు. నల్లగా జిగురుగా రావలసిన నూనె పాలు ఎక్కువైన టీ రంగులో కారింది. వేలితో రుద్దితే ఇసుక తగిలింది. ఆయిల్ సీలు పోయి బురద నీళ్ళు లోపలికెళ్ళి బేరింగులు తినేశాయి. సీలు ఎంతుంటుంది, చేతి కడియం అంత రబ్బరు ముక్క, వందల్లో ధర. అది మా కౌంటర్లో లేదు, దిగుమతిదారు గోడౌన్‌లోనూ లేదు, వచ్చే ఓడలో ఉందన్నారు. పదిహేడు రోజులు పట్టింది. ఆ పెద్దాయన రోజూ పొద్దున్నే వచ్చేవాడు, ఒక్క రోజు కూడా గొంతు పెంచలేదు. "బండి సంగతి మీరే చూసుకోండి గానీ, నారు ముదిరిపోతందండి" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. వేరే బండి బాడుగకి పెట్టి ఆయన చేలు నా డబ్బుతో దమ్ము చేయించాను. చేయించాల్సింది కూడా అదే.

ఆ తర్వాత నేను పెట్టుకున్న పద్ధతి ఇది, మీరు మొదటి రోజునుంచే పెట్టుకోండి.

సంతకానికి ముందు ఆ బ్రాండు స్పేర్ల గోడౌన్‌కి మీరే వెళ్ళి చూడండి. ఆఫీసుకి కాదు, గోడౌన్‌కి. వెళ్ళేముందు ఇరవై పార్టుల పేర్లు కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటీ రాక్‌లోంచి తీసి చూపించమనండి. ముందు యాక్సిల్ సీళ్ళు, ఓ రింగులు, వాటి బేరింగులు, క్లచ్ ప్లేటు, పీటీఓ (రోటావేటరుని తిప్పే) షాఫ్టు సీలు, హైడ్రాలిక్ పంపు సీలు కిట్టు, వాటర్ పంపు, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టాలు, డీజిలు, ఇంజనాయిలు, గాలి ఫిల్టర్లు, నాజిళ్ళు, సెల్ఫ్ మోటారు, మీటరు బోర్డు. ఇరవైలో నాలుగైదు లేకపోతే తెప్పించమని గడువు ఇవ్వండి. సగం లేకపోతే టీ తాగి తిరిగి వచ్చేయండి.

ఆ తర్వాత మీ కౌంటర్లో ఉండే స్టాకు. దమ్ముకి సంబంధించిన సీళ్ళు, బేరింగులు మీరు అమ్మబోయే ప్రతి మూడు బండ్లకి ఒక పూర్తి సెట్టు చొప్పున ఉంచుకోండి. ఈ లెక్క నా అనుభవంలో సరిపోయింది. ఆ స్టాకు డబ్బు మీది కాకుండా, అమ్మాక డబ్బు కట్టే పద్ధతిలో కంపెనీనే ఇవ్వమని అడగండి. చాలామంది మొదట కాదంటారు, కొత్త ప్రాంతంలోకి రావాలని వాళ్ళకి ఆత్రం ఉంటుంది కాబట్టి రెండోసారి ఒప్పుకుంటారు.

ఇంకొకటి, దీనికి పైసా ఖర్చు లేదు. మొదటి బండి రాగానే ఒక పెద్ద నోట్‌బుక్కు పెట్టి, విప్పిన ప్రతి బేరింగు నంబరు, ప్రతి సీలు మీద అచ్చువేసి ఉన్న లోపలి కొలత, బయటి కొలత, మందం రాయించండి. 6205 అని ఉన్న బేరింగు ఏ దేశం బండిలో ఉన్నా లోపల 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లే, రాజమండ్రిలో మంచి కంపెనీది దొరుకుతుంది. సీళ్ళలో కొన్ని మాత్రం ఆ బండికే ప్రత్యేకంగా రెండు మూడు పెదవులతో ఉంటాయి, వాటికి బయటి బదులు పెట్టకండి, బురదలో నిలవవు. ఏది బయట దొరుకుతుంది, ఏది దొరకదు అన్న జాబితా మీ దగ్గర ఉంటే కంపెనీతో మాట్లాడేటప్పుడు ఆ దొరకని పది పన్నెండు పార్టుల మీదే పట్టుబట్టొచ్చు. హైడ్రాలిక్ గొట్టాల బిగింపు మరలు కూడా జపాన్ బండ్లలో వేరుగా ఉంటాయి. ఊళ్ళో గొట్టాలు చేసేవాడి దగ్గర బిగించి చూసి, ఏ మర సరిపోతుందో అదే పుస్తకంలో రాయండి.

మెకానిక్కులు, నూనెలు, డీజిలు

శిక్షణకి ఒక్కణ్ణే పంపకండి, ఇద్దరిని పంపండి. నేర్చుకున్నవాడికి గిరాకీ వస్తుంది, పక్క ఊరివాళ్ళు రెండు వేలు ఎక్కువిచ్చి తీసుకుపోతారు, అందులో వాడి తప్పేం లేదు. శిక్షణలో పీపీటీలు చూపించి పంపేస్తారు, మీ వాళ్ళ చేత ఒక ముందు యాక్సిల్ పూర్తిగా విప్పించి బిగించాకే పంపమని ముందే మాట్లాడుకోండి.

గేరు పెట్టె, హైడ్రాలిక్కు, నూనెలో మునిగే బ్రేకులు, మూడిటికీ కలిపి ఒకే నూనె ఉండే బండ్లు ఎక్కువ. ఊళ్ళో దొరికే మామూలు గేరాయిలు అందులో పోస్తే బ్రేకులు కీచుమంటాయి, లిఫ్టు మందగిస్తుంది. డెలివరీ రోజునే రైతుకి, డ్రైవరుకి ఇద్దరికీ ఆ డబ్బా చూపించి చెప్పండి, డ్రైవరుకి చెప్పడం మర్చిపోతాం. కొత్త నిబంధనల పెద్ద ఇంజన్లలో డీజిలు చాలా ఎక్కువ ఒత్తిడితో వెళ్తుంది, నీళ్ళ చుక్క కూడా పడదు. మన వాళ్ళు క్యాన్లలో డీజిలు తెచ్చి వానలో గట్టు మీదే పోస్తారు. ఒక గరాటు, సన్న జాలీ ప్రతి బండితో ఉచితంగా ఇవ్వండి. అలాంటి ఇంజన్లకి లోపం చూపించే స్కానరు, ల్యాప్‌టాప్ కంపెనీ మీకు ఇస్తుందా, లేక ఎక్కడినుంచో ఇంజనీరు రావాలా అన్నది అగ్రిమెంటులోనే తేల్చుకోండి. భీమవరం, నరసాపురం వైపు ఉప్పునీటి చెరువుల పనికి వాడే బండ్లయితే వారం వారం మంచినీళ్ళతో కడిగించాలి, లేకపోతే వైర్ల కనెక్టర్లు పచ్చబడిపోతాయి.

డబ్బు లెక్క

ఉదాహరణకి తొమ్మిది లక్షల బండ్లు అయిదు స్టాకు పెట్టారనుకుందాం. 45 లక్షలు. ఏడాదికి 12 శాతం వడ్డీ అయితే నెలకి 45 వేలు. నాలుగు నెలలు కదలకపోతే ఒక్కో బండి మీద 36 వేలు వడ్డీకే పోయింది, మీకు వచ్చే మార్జిన్‌లోంచి ఇది తీసేసి చూడండి. దేశీ బ్రాండుకి వారంలో లారీ వస్తుంది, దిగుమతి బండికి ఓడ రావాలి, అందుకని ఎక్కువ స్టాకు పెట్టమని ఒత్తిడి చేస్తారు. మొదటి సీజన్‌కి ఒక డెమో బండి, రెండు అమ్మకం బండ్లు చాలు అని నా గట్టి అభిప్రాయం. డాలరో, యెన్నో పెరిగితే ధర మారుతుంది. రైతు దగ్గర అడ్వాన్సు తీసుకున్న బండికి ధర మారదని కంపెనీ చేత రాయించుకోండి.

రైతుకి లోను దొరుకుతుందా లేదా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఫైనాన్స్ కంపెనీ ఏ మోడల్‌కి ఎంత శాతం ఇవ్వాలో దాని పాత బండి ధర చూసి నిర్ణయిస్తుంది, కొత్త బ్రాండుకి పాత బండి ధరే తెలియదు కాబట్టి తక్కువ ఇస్తుంది, రైతు ఎక్కువ చేతి నుంచి కట్టాలి. డెల్టాలో సాగు చేసేవాళ్ళలో కౌలు రైతులు చాలామంది, వాళ్ళ పేరు మీద పాస్‌బుక్కు ఉండదు, మన రాష్ట్ర 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద వచ్చే కార్డు పంట రుణానికి పనికొస్తుంది గానీ ట్రాక్టరు లోనుకి ఫైనాన్సరు ఇంకా చాలా అడుగుతాడు. కాబట్టి సంతకానికి ముందే మీతో ఇప్పటికే పని చేస్తున్న ఇద్దరు ముగ్గురు ఫైనాన్సర్లని కూర్చోబెట్టి, ఈ మోడల్ మీ జాబితాలో ఉందా, ఎంత శాతం ఇస్తారు అని అడగండి. లేదంటే జాబితాలో పెట్టించే పని మీ మీద వేసుకోకండి, కంపెనీ మీద వేయండి. పాత బండి తిరిగి తీసుకునే ధర మూడేళ్ళ వరకు కంపెనీ హామీ ఇస్తే ఫైనాన్సరూ మెత్తబడతాడు, రైతూ ధైర్యం చేస్తాడు.

అగ్రిమెంటులో ఇవి లేకపోతే సంతకం వద్దు

వారంటీ క్లెయిము డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు, కూలీ గంటకి ఎంత. పార్టు 48 గంటల్లో రాకపోతే రైతుకి ప్రత్యామ్నాయ బండి బాడుగ ఎవరు కడతారు. నా రెండో అగ్రిమెంటులో ఈ షరతు పెట్టించాను, జూన్ నుంచి ఆగస్టు, డిసెంబరు నుంచి జనవరి వరకే వర్తిస్తుందని వాళ్ళు అన్నారు, నాకు కావలసింది కూడా ఆ నెలలే. డీలర్‌షిప్ ముగిస్తే మిగిలిన బండ్లు, స్పేర్లు ఏ ధరకి, ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారు. అమ్మకాలు ఆపేసినా ఎన్నేళ్ళు స్పేర్లు ఇస్తారు. కేసు పడితే ఏ ఊరి కోర్టు. మన ప్రాంతం హద్దులు ఏంటి, గౌతమి అవతలా ఇవతలా ఇంకో డీలరుని పెడతారా. నోటిమాటగా ఎంత తియ్యగా చెప్పినా ఇవి రాతలో రావాలి.

ఏ నెలలో ఏం చేయాలి, ఎవరికి అమ్మాలి

జూన్‌లో షోరూం తెరిచి సార్వా దమ్ములోనే బండ్లు అమ్మేద్దామని కంపెనీ తొందరపెడుతుంది. ఒప్పుకోవద్దు. అక్టోబరు, నవంబరులో సంతకం, వెంటనే మెకానిక్కుల శిక్షణ, డిసెంబరు మొదటికి స్పేర్లు కౌంటర్లో, దాళ్వా దమ్ములో మీ డెమో బండి పూర్తి సీజన్ బాడుగకి తిప్పడం, ఇలా పెట్టుకోండి. ఆ నెలన్నరలో ఏవి పోతాయో మీ సొంత బండి మీద మీకే తెలుస్తుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు ఆ లోపాల మీద కంపెనీతో కూర్చోవడానికి తీరిక దొరుకుతుంది, కాలవలు కట్టేసిన రోజుల్లో రైతుకి కూడా షోరూంకి రావడానికి తీరిక. ఏరువాక పౌర్ణమి ముందు డెలివరీలు. మూఢం ఎప్పుడుందో పంచాంగంలో ముందే చూసుకోండి, మూఢంలో బండి తీసుకోవడానికి చాలామంది ఇష్టపడరు, ఆషాఢమైతే ఇంకా కష్టం, మీ స్టాకు ఆ లెక్కన తెప్పించండి.

మొదటి అయిదు బండ్లు ఎవరికి అమ్ముతారన్నది మీ చేతిలో ఉండాలి. మీ వర్క్‌షాపుకి పాతిక కిలోమీటర్ల లోపే అమ్మండి, దూరం నుంచి ఎవరైనా నగదు తెచ్చినా ఆ ఏడాదికి వద్దని చెప్పండి. అయిదూ ఒకే ఊళ్ళో పడకూడదు, వేరు వేరు కాలవల కింద ఉంటే నీళ్ళు వచ్చే తేదీలు కాస్త అటూ ఇటూ అవుతాయి, ఒకేసారి అయిదు ఫోన్లు రావు. అందులో ఇద్దరు బాడుగకి తిప్పేవాళ్ళై ఉండాలి, వాళ్ళు మన బండిని రోజూ పది చేలలో పది మందికి చూపిస్తారు. ఒకరు తప్పకుండా బండిని శుభ్రంగా ఉంచుకునే మనిషై ఉండాలి, కొనడానికి వచ్చినవాళ్ళని తీసుకెళ్ళి చూపించడానికి.

దమ్ము మొదలైన రోజు నుంచి ఇద్దరు మెకానిక్కుల్లో ఒకరు మోటారుసైకిలు మీద, డిక్కీలో సీళ్ళు, బేరింగులు, ఒక డబ్బా నూనె పెట్టుకుని ఆ అయిదు ఊళ్ళూ తిరగాలి, ఎవరూ పిలవకపోయినా. దమ్ము అయిపోయాక, ట్రక్కు పనుల్లోకి దిగక ముందే, అయిదు బండ్లకీ ముందు యాక్సిల్ కింద ప్లగ్గులు మీరు దగ్గరుండి విప్పించండి. నూనె తెల్లబడని బండ్లు నాలుగైనా ఉంటే ఆరో బండికి అడ్వాన్సు తీసుకోండి. లేకపోతే ఆ నూనెని సీసాలో పట్టి, తేదీ, గంటల మీటరు రాసి, కంపెనీ వాళ్ళని రప్పించి, అది తేలాకే మళ్ళీ అమ్మకం మొదలుపెట్టండి.